మూతపడిన వెండి–సీసం గనిని బయటి నుంచే చదవడం ఎలా?

పాత గని దగ్గరికి వెళ్లగానే ఎవరి చూపైనా సొరంగం నోటి మీదే పడుతుంది. దాన్ని వదిలేయండి. మనకు కావలసింది దాని ముందు వాలు పొడవునా పోసి ఉన్న రాళ్ల గుట్ట. లోపల తవ్వి, పనికిరాదని పారేసిన రాయంతా అక్కడే ఉంటుంది. ఖనిజాలు చూడటానికి అది చాలు.

సొరంగంలోకి ఎందుకు వద్దంటే, పైకప్పు కూలడం ఒక్కటే ప్రమాదం కాదు. పైరైట్ (ఇనుము, గంధకం కలిసినది) లాంటి సల్ఫైడ్ ఖనిజాలు, అంటే గంధకంతో కలిసిన లోహ ఖనిజాలు, గాలి తగిలి మారేటప్పుడు ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. గాలి ఆడని చోట అది ఎంత తగ్గిందో మనిషికి తెలియదు, నేరుగా స్పృహ తప్పుతుంది. నేల మీద పరిచిన పుచ్చిన చెక్కల కింద నిలువు బావి ఉండొచ్చు. గుట్ట మీద కూడా వాలు జారుతుంది కాబట్టి అంచుల్లోనే తిరగండి. స్థలం ఎవరిదో కనుక్కుని ముందే అనుమతి తీసుకోండి.

వెంట తీసుకెళ్లాల్సినవి

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, చిన్న కత్తి, చేతి తొడుగులు, నునుపు పూత లేని పింగాణీ టైలు ముక్క. ఇంట్లో ఒక డిజిటల్ త్రాసు.

1. ముందు చుట్టూ ఉన్న రాయిని చూడండి

గని ఏ రాతిలో ఉందో తెలియకుండా ఖనిజం గురించి మాట్లాడి లాభం లేదు. పలకరాయి, గ్రానైట్ లాంటి వాటిలో ఖనిజం పగుళ్లను పట్టుకుని సన్నని సిరలుగా సాగుతుంది. సున్నపురాయి అయితే వేడి నీరు రాతిని కరిగించి ఆ చోటులోనే ఖనిజాన్ని నింపగలదు, అందుకే అక్కడ అడ్డదిడ్డమైన ముద్దలు కూడా దొరుకుతాయి.

ఈ గనులు చాలావరకు ఒకే తీరుగా పుట్టాయి. సుమారు 100 నుంచి 300 డిగ్రీల వేడి ఉన్న ఉప్పునీరు సీసం, జింకు, వెండిని కరిగించుకుని పగుళ్ల వెంట కదిలింది. చల్లబడిన చోట, వేరే నీటితో కలిసిన చోట, గంధకం తగిలిన చోట మోసుకొచ్చిన లోహాలను సల్ఫైడ్‌లుగా దించేసింది.

2. బరువైన రాయిని ఏరండి

రంగు చూసి మోసపోవచ్చు, బరువు చూసి మోసపోవడం కష్టం. సీసపు ముడిఖనిజం గెలీనా సాంద్రత దాదాపు 7.5 (నీటిది 1). పలుగురాయిది 2.65. అంత చిన్న ముక్కకు ఇంత బరువేమిటి అని చెయ్యే చెబుతుంది.

లెక్క కావాలంటే ఇంట్లో చేసుకోవచ్చు. రాయిని తూచండి. తర్వాత నీళ్ల గ్లాసును త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. రాయిని దారంతో కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో పూర్తిగా ముంచి పట్టుకోండి. త్రాసు చూపించే గ్రాములే ఘన సెంటీమీటర్లలో రాయి ఘనపరిమాణం. 150 గ్రాముల రాయికి 20 వస్తే 150ని 20తో భాగించండి: 7.5. స్వచ్ఛమైన గెలీనాకే ఆ అంకె వస్తుంది. పలుగు కలిసిన ముక్కకు 4 లేదా 5 రావచ్చు.

తెల్లగా ఉండి బరువుగా తోస్తే అది బహుశా ముగ్గురాయి, అంటే బెరైట్ (4.5).

3. గీసి చూడండి

విరిగిన గెలీనా నీలిబూడిద రంగులో అద్దంలా మెరుస్తుంది. దాని విరుపు చదరపు మెట్లలా ఉంటుంది. భూతద్దంలో ఆ మెట్లు స్పష్టంగా కనిపిస్తాయి. టైలు మీద గీస్తే గీత ముదురు బూడిద రంగు.

దాని పక్కనే ఉండే నల్లగోధుమ రాయి స్ఫాలరైట్, అంటే జింకు ఖనిజం. నల్లటి రాయి గీస్తే లేత పసుపో, లేత గోధుమ రంగో వచ్చిందంటే ఇక టెన్షన్ అక్కర్లేదు, అదే. జింకుకు గిరాకీ లేని కాలంలో తవ్వినవాళ్లు దీన్ని పారేశారు కాబట్టి చాలా గుట్టల్లో గెలీనా కంటే ఇదే ఎక్కువ. బంగారు రంగులో మెరుస్తూ కత్తికి గీతపడకపోతే పైరైట్, గీతపడితే చాల్కోపైరైట్ అనుకోవచ్చు.

4. సిర ఉన్న ముక్కను అంచు నుంచి మధ్యకు చదవండి

నన్నడిగితే గుట్ట మీద అన్నిటికంటే విలువైనది గోడరాయి (సిరకు పక్కన గోడలా ఉన్న అసలు రాయి) అంటుకుని ఉన్న ముక్క, ఎంత మెరిసే గెలీనా అయినా దాని తర్వాతే. ఒక అంచున బూడిద రంగు పలకరాయి. దానిమీద వరసగా పలుగు స్ఫటికాలు, మొనలన్నీ ఒకే వైపు తిరిగి. మొనలు ఎటు చూస్తున్నాయో అటే పగులు మధ్యభాగం. ఆ తర్వాత గోధుమ రంగు స్ఫాలరైట్ పట్టీ, దాని మీద గెలీనా, చివరికి తెల్లని కాల్సైట్. ఒక్కోసారి మధ్యలో నిండని ఖాళీ. గోడకు అంటింది ముందు, మధ్యలో ఉన్నది చివర. ఈ వరస గని గనికీ మారుతుంది. గోడరాయి పెచ్చులు విరిగి మధ్యలో ఇరుక్కుని వాటిచుట్టూ మళ్లీ ఖనిజం పట్టి ఉంటే, పగులు ఒకసారి నిండాక తిరిగి కదిలిందని అర్థం.

5. తుప్పును కూడా చదవండి

భూమి పైపొరల్లో పైరైట్ తుప్పుపట్టి ఎర్రగోధుమ రంగు గుల్లరాయి మిగులుతుంది. పాతకాలం వాళ్లు గని వెతికింది ఎక్కువగా ఈ గుర్తుతోనే. అదే పొరలో గెలీనా కూడా మారుతుంది: ముందు సల్ఫేట్ (ఆంగ్లసైట్), తర్వాత కార్బనేట్ (సెరుసైట్). తెల్లగా ఉండి వజ్రంలా మెరిసే బరువైన చిన్న స్ఫటికాలు గెలీనా గుంతల్లో కనిపిస్తే సెరుసైట్ అని అనుమానించండి. పచ్చని సన్నని స్తంభాల్లా ఉంటే పైరోమార్ఫైట్ కావచ్చు.

6. మరి వెండి?

కనిపించదు. టన్ను ఖనిజంలో కిలో వెండి ఉంటే అది గొప్ప ఖనిజం, కానీ శాతంలో 0.1 మాత్రమే. అది గెలీనాలో పరమాణువులుగా, లేదా టెట్రాహెడ్రైట్ లాంటి ఖనిజాల అతి చిన్న రేణువులుగా దాగి ఉంటుంది. సన్నరవ్వ గెలీనాలో వెండి ఎక్కువనే పాత మాటను నమ్మి ముక్కలు ఏరకండి. తేల్చేది ల్యాబ్ పరీక్షే.

7. ఇంటికి తెచ్చాక

సీసం పొడి ఒంట్లోకి పోకూడదు. రాళ్లను ఇంట్లో పగలగొట్టొద్దు, నాలుకతో తడిపి చూడొద్దు, గుట్ట మీద ఏమీ తినొద్దు, అక్కడ పారే నారింజ రంగు నీటిని ముట్టుకోవద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి, బట్టలు విడిగా ఉతకండి. ఏ గుట్టలో ఏ వైపు దొరికిందో అదే రోజు చీటీ రాసి ముక్కతో పాటు పెట్టండి. మూత ఉన్న పెట్టెలో, పిల్లలకు అందని చోట ఉంచండి. రాయి తూచిన త్రాసును మళ్లీ వంటింట్లోకి తీసుకెళ్లకండి.