సౌండ్ రికార్డింగ్‌కి చార్జింగ్ సెల్లు ఎలా ఎంచుకోవాలి?

షార్ట్ ఫిల్ము తీసేవాళ్లు రికార్డర్ అద్దెకు తెస్తారు, మైకు అడిగి తెస్తారు, బూమ్ (మైకు కట్టే పొడుగు కర్ర) పట్టుకోడానికి తెలిసిన కుర్రాణ్ణి బతిమాలి తెస్తారు. సెల్లు మాత్రం షూటింగ్ రోజు పొద్దున్నే దారిలో కిరాణా కొట్లో కొంటారు. విజయనగరం, శ్రీకాకుళం చుట్టుపక్కల ఇది చాలాసార్లు చూశాను. మధ్యాహ్నం కాకముందే రికార్డర్ ఆగిపోతుంది. తప్పెటగుళ్ల బృందం మంచి ఊపులో ఉండగా "ఒక్క నిమిషం బాబూ, సెల్లు మార్చాలి" అంటే ఆ ఊపు మళ్లీ రాదు. వాళ్లు మళ్లీ ఆడతారు, మనకోసం ఆడినట్టు ఆడతారు. అది వినేవాళ్లకి తెలిసిపోతుంది.

మంచి చార్జింగ్ సెల్లు కొనడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. నాలుగైదు షూటింగులకి వాడి పారేసే ఆల్కలైన్ సెల్లు కొనే డబ్బుతో అవి వచ్చేస్తాయి. ఎంచుకోవడం తెలియాలి, కొన్నాక పరీక్షించడం తెలియాలి. రెండోది ఎవరూ చేయరు.

ముందు లెక్క

జూమ్ కంపెనీ రికార్డర్లలో హెచ్5కి రెండు పెన్సిల్ సెల్లు (ఏఏ సైజు), హెచ్6కి నాలుగు, ఎఫ్8ఎన్‌కి ఎనిమిది పడతాయి. సెన్‌హైజర్ జి4 లాంటి వైర్‌లెస్ కాలర్ మైకు ఉంటే ట్రాన్స్‌మిటర్‌లో రెండు, రిసీవర్‌లో రెండు. హెచ్6, ఒక కాలర్ మైకు కలిపితే ఎనిమిది. దాన్ని మూడుతో హెచ్చించండి: ఒక సెట్టు పనిలో, ఒకటి సంచిలో, ఒకటి చార్జర్‌లో. ఇరవై నాలుగు సెల్లు లేకుండా ఆ సామానుతో ఊళ్లోకి వెళ్లకూడదు. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేని చోట రెండు సెట్లు చాలవు. వెనకటికి నాగ్రా 4.2 టేపు రికార్డర్‌కి టార్చిలైట్లో వేసే పెద్ద సెల్లు పన్నెండు పట్టేవి. దాంతో పోలిస్తే ఇప్పటి బరువు ఒక బరువే కాదు.

ఏ రకం కొనాలి

నికెల్ మెటల్ హైడ్రైడ్ (నిఎంహెచ్) రకం కొనాలి. అందులోనూ ఊరికే ఉంచితే చార్జి దిగిపోని రకం. పెట్టె మీద 'రెడీ టు యూజ్' అనో 'ప్రీ చార్జ్‌డ్' అనో ఉంటుంది. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో ఈ రకాన్ని తెచ్చింది. అంతకుముందు చార్జింగ్ సెల్లంటే నిండా ఎక్కించి బీరువాలో పెట్టినా కొన్ని వారాలకే చాలావరకు దిగిపోయేవి. మామూలు రకం ఇప్పటికీ అంతే.

కెపాసిటీ, అంటే సెల్ ఎంత చార్జి దాచుకోగలదన్నది, 2000 ఎంఏహెచ్ దగ్గర ఉన్నది తీసుకోండి. 2500 ఉన్నది ఇంకా మంచిది కదా అంటారు. ఎనెలూప్‌లోనే చూడండి: తెల్ల సెల్ కనీసం 1900, నల్ల సెల్ కనీసం 2500. కంపెనీ చెప్పే ఆయుష్షు మాత్రం తెల్లదానికి 2100 సార్ల చార్జింగ్, నల్లదానికి 500 సార్లు. ఆ కాస్త అదనం కోసం అంత ఆయుష్షు వదులుకోవడం డబ్బు దండగ. తెల్లదే కొనాలి. అదే పేరున్నది కొనే స్తోమత లేకపోతే ఇదే రకంలో 1900, 2000 రాసున్న వేరే కంపెనీ సెల్లు తీసుకున్నా ఫర్వాలేదు.

"అన్నా, ఇందులో 4600 ఉంది, ధర సగం" అని ఫోన్లో ఫొటో పంపే తమ్ముళ్లు ప్రతి నెలా ఎవరో ఒకరు ఉంటారు. పెన్సిల్ సెల్ సైజులో నికెల్ మెటల్ హైడ్రైడ్ 2800 దాటడమే కష్టం. 3000 పైన ఏ అంకె కనబడినా అది అబద్ధం. అంత అబద్ధం రాసినవాడు లోపల ఏం పెట్టాడో నమ్మలేం.

1.5 వోల్టుల లిథియం చార్జింగ్ సెల్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. కెమెరా లైటుకి వాడుకోండి, సౌండుకి వద్దు. వాటి లోపల వోల్టేజిని తగ్గించే చిన్న సర్క్యూట్ ఉంటుంది. కాలర్ మైకులో వేస్తే దాని రొద రేడియోలోకి దూరి రేంజి తగ్గించే ప్రమాదం ఉంది. పైగా చివరి క్షణం దాకా 1.5 వోల్టులే ఇస్తాయి కాబట్టి రికార్డర్ ఫుల్ అని చూపిస్తూనే ఉంటుంది, ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఫైలు సరిగ్గా మూసుకోకపోతే అది తెరుచుకోకపోవచ్చు.

14500 అని రాసున్న సెల్లయితే ముట్టుకోవద్దు. చూడ్డానికి పెన్సిల్ సెల్లులాగే ఉంటుంది, ఒక్కొక్కటి 3.7 వోల్టులు. నాలుగు కలిస్తే దాదాపు 15 వోల్టులు. రికార్డర్ కాలిపోతుంది.

చార్జర్

ప్రతి గడికీ విడిగా దీపం ఉన్న చార్జర్ కొనండి. రెండేసి సెల్లు కలిపి ఎక్కించేవి వద్దు, జతలో ఒకటి ముందే నిండి ఉడికిపోతుంది. 500 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఎక్కిస్తే నాలుగైదు గంటలు పడుతుంది, పట్టనివ్వండి. గంటలో నింపేస్తానన్న చార్జర్ సెల్లుని వేడి చేస్తుంది. వేడే వాటి ప్రాణం తీస్తుంది. కాస్త డబ్బు ఎక్కువైనా డిశ్చార్జి చేసి ఎంఏహెచ్ అంకె చూపించే చార్జర్ అయితే మేలు. ఎందుకో కింద చెబుతాను.

అసలు పని: పరీక్షించి సెట్లు కట్టడం

ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. చాలా రికార్డర్లలో సెల్లు ఒకదాని వెనక ఒకటిగా, అంటే సిరీస్‌లో, కలుస్తాయి. నాలుగింటిలో మూడు గట్టివి, ఒకటి బలహీనమైనది అనుకోండి. బలహీనమైనది ముందు ఖాళీ అవుతుంది. మిగతా మూడూ దానిలోంచి కరెంటు నెడుతూనే ఉంటాయి. దాంతో దాని ప్లస్, మైనస్ తిరగబడతాయి. అలా ఒకటి రెండుసార్లు జరిగితే ఆ సెల్ పాడైనట్టే. రికార్డర్ ఎంతసేపు నడవాలన్నది ఆ బలహీనమైన సెల్లే నిర్ణయిస్తుంది. నాలుగు మంచి కంపెనీ సెల్లు వేసినా గంటలో ఆగిపోయిందని ఏడ్చేవాళ్ల సంచిలో చూడండి, కొత్తవీ పాతవీ రెండు మూడు రకాలూ కలిసి ఉంటాయి.

కొన్న వెంటనే సెల్లన్నిటినీ నిండా చార్జి చేసి, దింపి, మళ్లీ చార్జి చేయండి. కొత్త సెల్ మొదటిసారే పూర్తి సత్తా చూపదు. రెండు మూడు సార్లు ఎక్కి దిగాక కుదురుకుంటుంది. మూడోసారి దింపేటప్పుడు చార్జర్ చూపే అంకెను సెల్ మీదే పర్మనెంట్ మార్కర్‌తో రాయండి. 1940, 1890, 1720, ఏదైతే అది. ఒకదానికొకటి 50 ఎంఏహెచ్ లోపు తేడా ఉన్నవాటిని ఒక సెట్టు చేయండి. 1720 వచ్చినదాన్ని 1940 పక్కన పెట్టకూడదు. దానికి తగ్గ తోడు దొరక్కపోతే షూటింగ్ సంచిలోంచి తీసేయండి.

అంకె చూపే చార్జర్ లేదనుకోండి, రికార్డరే ఉంది కదా. నాలుగు సెల్లూ వేసి, రేపు షూటింగులో వాడబోయే మైకే తగిలించి, దానికి ఫాంటమ్ పవర్ (రికార్డర్ కేబుల్ గుండా మైకుకిచ్చే కరెంటు) కావాలంటే 48 వోల్టులూ ఆన్ చేసి, హెడ్‌ఫోన్ పెట్టి రికార్డింగ్ నొక్కి వదిలేయండి. ఫాంటమ్ లేకుండా పరీక్షిస్తే వచ్చే గంటలు లొకేషన్‌లో రావు. బ్యాటరీ అయిపోయి రికార్డర్ దానంతట అది ఆగిపోయాక ఫైలు ఎంత పొడవుందో చూడండి. ఆ సెట్టు ఎంతసేపు నడుస్తుందన్నదానికి అదే కొలత.

తర్వాత చేయాల్సింది ఆలస్యం చేయకూడదు. ఆగిన వెంటనే సెల్లు బయటకి తీసి, వోల్టులు చూపే మల్టీమీటర్‌తో ఒక్కొక్కటీ చూడండి. కాసేపు ఆగితే ఖాళీ సెల్ కూడా కోలుకుని 1.2 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. మూడు 1.1 దగ్గరుండి ఒకటి 0.7కి పడిపోయి ఉంటే దొంగ అదే. దాన్ని తీసి వేరేది వేసి మళ్లీ నడపండి. ఒక ఆదివారం పోతుంది. పోనివ్వండి.

షూటింగ్ రోజు పొద్దున్న మల్టీమీటర్ పెట్టి "1.28 ఉంది, ఫుల్లే" అనేవాళ్లతో నాకు ఎప్పుడూ గొడవే. ఈ రకం సెల్ నిండాక కాసేపు 1.4 దగ్గర ఉండి, ఆ తర్వాత దాదాపు చివరిదాకా 1.2 అటూ ఇటూగానే నడుస్తుంది. పని చేయకుండా ఊరికే ఉన్న సెల్ వోల్టేజి చూసి ఎంత మిగిలిందో చెప్పడం కుదరదు.

సెట్లు తేలాక గుర్తులు రాయండి: అ1, అ2, అ3, అ4, తర్వాత ఆ1, ఆ2. అ సెట్టు ఎప్పుడూ కలిసే ఎక్కాలి, కలిసే దిగాలి. గోడ గడియారం ఆగిపోయిందని ఇంట్లోవాళ్లు అ3 పట్టుకుపోతే దాని సెట్టు మొత్తం పోయినట్టే. అందుకే ఇంటికి వేరే సెల్లు కొనిపెట్టండి.

రికార్డర్‌లో సెట్టింగ్

మెనూలో బ్యాటరీ టైపు ఉంటుంది. ఆల్కలైన్ మీద ఉంటే నిఎంహెచ్‌కి మార్చండి. లేకపోతే 1.2 వోల్టులు చూసి మొదటినుంచే సగం అయిపోయిందని చూపిస్తుంది, ఊరికే టెన్షన్.

ఎన్‌పీ-ఎఫ్ బ్యాటరీలు వాడేవాళ్లకి

జూమ్ ఎఫ్6 లాంటివి సోనీ ఎన్‌పీ-ఎఫ్ రకం బ్యాటరీ నేరుగా తీసుకుంటాయి. పెళ్లి వీడియోలు తీసేవాళ్ల ఎల్ఈడీ లైట్ల వెనక ఉండేది అదే. మన దగ్గర ప్రతి మండలంలో ఒకరిద్దరి దగ్గరైనా ఉంటుంది, అవసరానికి అడిగి తెచ్చుకోవచ్చు. కొనేటట్టయితే ఎఫ్970 సైజులో ఆరు లిథియం సెల్లే పడతాయని గుర్తుంచుకోండి. సోనీ అసలుదే 6600 ఎంఏహెచ్ దాటదు. పది వేలు పైన రాసుంటే చేతిలోకి తీసుకుని బరువు చూడండి, తేలిగ్గా ఉంటే వద్దు.

మోసుకెళ్లడం, దాచుకోవడం

నాలుగు సెల్లు పట్టే ప్లాస్టిక్ డబ్బాలు వాడండి. నిండిన సెట్టు తలపైకి, వాడేసినది తలకిందులుగా. చీకట్లో కూడా వేలితో తడిమితే తెలుస్తుంది. జేబులో తాళాలతో కలిపి వేయకూడదు, షార్ట్ అవుతుంది. బండి డిక్కీలో ఎండకి వదలకూడదు. కళింగపట్నం, బారువ వైపు షూటింగ్ చేసి వచ్చిన రాత్రి సెల్లు రికార్డర్‌లోంచి తీసేసి, రెండు చివర్లూ, రికార్డర్‌లోని స్ప్రింగులూ పొడిబట్టతో తుడవాలి. ఉప్పుగాలికి ఆ స్ప్రింగుల మీద సన్నగా పచ్చటి పొర కడుతుంది. సెల్ నిండా ఉన్నా కరెంటు అందక రికార్డర్ ఆగుతుంది.

ఏడాదికోసారి అంకెలు మళ్లీ కొలవండి. నేను దసరాకి ముందే ఆ పని ముగిస్తాను. దసరా తర్వాత విజయనగరం పైడితల్లి జాతరలో సిరిమాను (పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడుగు మాను) మూడు లాంతర్ల నుంచి కోటకి మూడుసార్లు తిరిగేటప్పుడు ఆ జనంలో సెల్లు మార్చడానికి చెయ్యి కూడా ఆడదు. 2000 సెల్ 1600 కిందకి దిగితే దాన్ని టీవీ రిమోట్‌కి ఇచ్చేసి, దాని సెట్టులో మిగిలిన మూడింటినీ మళ్లీ కొలిచి కొత్త తోడు వెతకండి.