డిలీటైన ఫైళ్లకు ఏ రికవరీ సాఫ్ట్‌వేర్? ముందు డిస్క్ ఏ రకమో చూడండి

మంచి రికవరీ సాఫ్ట్‌వేర్ పేరు అడిగేవాళ్లు చాలామంది అసలు విషయం చెప్పరు. పోయిన ఫైళ్లు హార్డ్ డిస్క్ మీద ఉండేవా, ఎస్‌ఎస్‌డీ మీదా? అది తెలియకుండా ఏ పేరు చెప్పినా గుడ్డిగా చెప్పినట్టే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే డిస్క్ పేరు దగ్గరే రకం రాసి ఉంటుంది. పాత విండోస్‌లో అక్కడ కనిపించకపోతే ఆప్టిమైజ్ డ్రైవ్స్‌లో మీడియా టైప్ చూడండి.

దీనికంటే ముందు చేయాల్సింది ఆ డ్రైవ్ మీద ఏమీ రాయకుండా ఆపడం. డిలీట్ కొట్టినప్పుడు విండోస్ ఫైల్ లోపలి సమాచారాన్ని చెరపదు, ఆ చోటు ఇక ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుందంతే. ఫైళ్లు పోయిన డ్రైవ్‌లోకే రికవరీ ప్రోగ్రామ్‌ను డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేస్తే, అది సరిగ్గా ఆ ఖాళీలోనే పడొచ్చు. పోయింది సి డ్రైవ్‌లోదైతే కంప్యూటర్ వెంటనే ఆపండి. బ్రౌజర్, అప్‌డేట్లు మీరు ఊరికే కూర్చున్నా సి డ్రైవ్ మీద రాస్తూనే ఉంటాయి. డిస్క్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఉన్న లైనక్స్‌తో బూట్ చేయండి. రికవరైన ఫైళ్లు కూడా మరో డ్రైవ్‌లోకే వెళ్లాలి.

సమస్య: రీసైకిల్ బిన్‌లో ఫైల్ లేదు

పెన్‌డ్రైవ్ నుంచి, నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి డిలీట్ చేసినవి మామూలుగా బిన్‌లోకి రావు. బిన్ పరిమితిని మించిన పెద్ద ఫైల్ కూడా నేరుగా పోతుంది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో కలిసి ఉంటే దాని వెబ్‌సైట్‌లోని బిన్ తెరవండి. సొంత ఖాతాలో 30 రోజులు, ఆఫీసు లేదా కాలేజీ ఖాతాలో మామూలుగా 93 రోజులు ఉంచుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులు. ఫైల్ హిస్టరీ ముందే ఆన్ చేసి ఉంటే, ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ చూస్తే పాత కాపీ దొరుకుతుంది.

పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లు మాయమై షార్ట్‌కట్‌లు మాత్రమే మిగిలాయా? అక్కడ డిలీటైంది ఏమీ లేదు, వైరస్ వాటిని దాచింది. డ్రైవ్ ప్రాపర్టీస్‌లో వాడిన స్థలం తగ్గకుండా ఉంటే అదే గుర్తు. షార్ట్‌కట్‌లను క్లిక్ చేయకండి. ముందు యాంటీవైరస్ నడిపి, తర్వాత కమాండ్ ప్రాంప్ట్‌లో ఆంగ్ల అక్షరాలతో ఈ ఆదేశం ఇవ్వండి: అట్రిబ్ -హెచ్ -ఎస్ -ఆర్ /ఎస్ /డి ఇ:\*.* (ఇ బదులు మీ పెన్‌డ్రైవ్ అక్షరం). దీనికి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పనే లేదు.

సమస్య: సాఫ్ట్‌వేర్ ఫైల్‌ను చూపిస్తోంది, రికవర్ చేస్తే తెరుచుకోదు

ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. రెకువా లాంటి ప్రోగ్రామ్‌లో ఫైల్ పేరు, ఫోల్డర్, తేదీ, సైజు అన్నీ సరిగ్గా కనిపిస్తాయి. పక్కన పచ్చ చుక్క, స్థితి ఎక్సలెంట్. రికవర్ చేస్తే సైజు ఒక్క బైట్ తేడా లేకుండా వస్తుంది. తెరవబోతే మాత్రం వర్డ్ ఫైల్ పాడైందంటుంది, ఫోటో కనిపించదు. సాఫ్ట్‌వేర్ బాగోలేదనుకుని రెండోది, ఆ తర్వాత డబ్బు పెట్టి మూడోది తెస్తారు. ఎన్ని మార్చినా ఫలితం మారదు.

కారణం ట్రిమ్. విండోస్ 7 నుంచి, అంటే 2009 నుంచి, ఎస్‌ఎస్‌డీ మీద ఫైల్ డిలీట్ చేస్తే విండోస్ ఈ బ్లాకులు ఇక అక్కర్లేదని డిస్క్‌కు కూడా చెబుతుంది. ఆ మాట అందాక ఆ బ్లాకులను చదవబోతే చాలా ఎస్‌ఎస్‌డీలు సున్నాలే ఇస్తాయి. లోపలి చిప్‌లో సమాచారం ఇంకా చెరిగిపోకపోయినా, మామూలు సాఫ్ట్‌వేర్‌కు అక్కడికి దారి ఉండదు. అయితే ఫైల్ పేరు, సైజు, ఏ క్లస్టర్లలో (డిస్క్ మీది చిన్న గడుల్లో) ఉండేదో చెప్పే రికార్డు వేరే చోట ఉంటుంది. విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి పేరు ఎన్‌టీఎఫ్‌ఎస్, ఆ రికార్డు ఉండేది దాని ఎమ్‌ఎఫ్‌టీ అనే పట్టికలో. ఆ పట్టికకు ట్రిమ్ తగలదు. అందుకే పేరు పదిలంగా ఉండి సరుకు ఖాళీ అవుతుంది.

మరి పచ్చ చుక్క ఎందుకు? ఆ క్లస్టర్ల మీద మరో ఫైల్ ఎక్కిందా లేదా అన్నది మాత్రమే ప్రోగ్రామ్ చూస్తుంది. ఎక్కకపోతే ఎక్సలెంట్. లోపల ఉన్నది డేటానా సున్నాలా అని చూడదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీ మీద ఆ చుక్కను నమ్మకండి.

తేల్చుకోవడం కష్టం కాదు. రెకువాలో అడ్వాన్స్‌డ్ మోడ్‌కు మారి, ఫైల్‌ను ఎంచుకుని, కుడివైపు హెడర్ ట్యాబ్ చూడండి, ఫైల్ మొదటి బైట్లు అక్కడ కనిపిస్తాయి. బతికున్న జేపెగ్ ఫోటో ఎఫ్‌ఎఫ్ డీ8 ఎఫ్‌ఎఫ్ అని మొదలవుతుంది, పీడీఎఫ్ అయితే 25 50 44 46 అని. జిప్ ఫైళ్లు, కొత్త రకం వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు 50 4బీ అని మొదలవుతాయి. వరుసంతా 00 00 00 కనిపిస్తే అక్కడ ఏమీ లేదు. రికవర్ చేసేసిన ఫైలైతే దాన్ని జిప్ చేయండి. 100 ఎంబీ వీడియో 100 కేబీ దగ్గరికి కుంగిపోతే లోపలున్నవన్నీ సున్నాలే, నిజమైన వీడియో జిప్‌లో దాదాపు తగ్గదు.

ట్రిమ్ ఆన్‌లో ఉందో లేదో తెలియాలంటే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎఫ్‌ఎస్‌యుటిల్ బిహేవియర్ క్వెరీ డిజేబుల్‌డిలీట్‌నోటిఫై అని ఇవ్వండి. జవాబు 0 వస్తే ట్రిమ్ ఆన్‌లో ఉన్నట్టు. 0 అంటే ఆఫ్ అనుకుని పొరబడేవాళ్లు చాలామంది. ఆ ప్రశ్న అడుగుతున్నది ఆపేశారా అని, 0 అంటే ఆపలేదని.

కంప్యూటర్ లోపలి ఎస్‌ఎస్‌డీ, ట్రిమ్ ఆన్, హెడర్ నిండా సున్నాలు: ఈ మూడూ కలిస్తే కొనాల్సిన సాఫ్ట్‌వేర్ అంటూ ఏదీ లేదు. క్విక్ ఫార్మాట్ చేసిన ఎస్‌ఎస్‌డీ సంగతీ అంతే. ఆ సమయాన్ని కాపీలు వెతకడం మీద పెట్టండి. క్లౌడ్ బిన్, పంపిన మెయిళ్లలోని అటాచ్‌మెంట్లు, ఫోన్, వర్డ్‌లో రికవర్ అన్‌సేవ్డ్ డాక్యుమెంట్స్, అన్నీ చూడండి.

స్కాన్ చేసి చూడదగ్గ మినహాయింపులు ఉన్నాయి. యూఎస్‌బీ పెట్టెలో పెట్టిన ఎస్‌ఎస్‌డీ అయితే చాలా పెట్టెలు ట్రిమ్ ఆదేశాన్ని లోపలికి పంపవు, డేటా అలాగే ఉండొచ్చు. అయితే ఆప్టిమైజ్ డ్రైవ్స్ డిఫాల్ట్‌గా వారానికోసారి ఖాళీ చోటంతటికీ మళ్లీ ట్రిమ్ పంపుతుంది, కాబట్టి ముందు ఆ షెడ్యూల్ ఆపండి. కొన్ని వందల బైట్ల చిన్న టెక్స్ట్ ఫైళ్లు ఎమ్‌ఎఫ్‌టీ రికార్డులోనే ఇమిడిపోతాయి, అవి ఎస్‌ఎస్‌డీ మీద కూడా దొరకొచ్చు. దీనికి తిరగబడిన సంగతి ఒకటుంది. ఎస్‌ఎమ్‌ఆర్ రకం (ట్రాకులను ఒకదాని మీద ఒకటి కొంత కప్పుతూ రాసే) హార్డ్ డిస్కుల్లో కొన్ని కూడా ట్రిమ్ తీసుకుంటాయి. టాస్క్ మేనేజర్ హెచ్‌డీడీ అని చూపినా హెడర్ చూడకుండా డబ్బు కట్టకండి.

సమస్య: డిస్క్ బాగానే ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో తేలడం లేదు

హార్డ్ డిస్క్ లేదా పెన్‌డ్రైవ్, ఇప్పుడే డిలీటైంది, డ్రైవ్ మామూలుగా తెరుచుకుంటోంది: రెకువా పోర్టబుల్ (ఇన్‌స్టాల్ చేయకుండా నడిచేది) చాలు. మైక్రోసాఫ్ట్ 2020లో ఉచితంగా ఇచ్చిన విండోస్ ఫైల్ రికవరీ కూడా పనికొస్తుంది, విండోస్ 10 వెర్షన్ 2004 లేదా ఆ తర్వాతది కావాలి. దానికి కిటికీ ఉండదు, అంతా కమాండ్‌తోనే. ముందు మూలం, తర్వాత గమ్యం రాయాలి, రెండూ ఒకే డ్రైవ్ అయితే ఒప్పుకోదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద ఇటీవల డిలీటైన వాటికి రెగ్యులర్ మోడ్, ఫార్మాట్ అయినవాటికీ ఫ్యాట్ డ్రైవ్‌లకీ (పెన్‌డ్రైవ్‌లు, మెమరీ కార్డుల్లో తరచూ ఉండే మరో పద్ధతి) ఎక్స్‌టెన్సివ్.

ఫార్మాట్ అయింది, లేదా డ్రైవ్ తెరవగానే ఫార్మాట్ చేయమంటోంది: పాత ఫోల్డర్ల నిర్మాణాన్ని తిరిగి కట్టగలిగే ప్రోగ్రామ్ కావాలి. డీఎమ్‌డీఈ, ఆర్-స్టూడియో, యూఎఫ్‌ఎస్ ఎక్స్‌ప్లోరర్ ఈ పనికి తగినవి. పార్టిషనే (డిస్క్‌లో సి, డి లాంటి విభాగమే) కనిపించకపోతే టెస్ట్‌డిస్క్. రికవరీ పూర్తయ్యేదాకా చెక్‌డిస్క్ నడపకండి, అది ఫైల్ సిస్టమ్‌ను సరిచేస్తూ మీకు కావలసిన రికార్డులనే తీసేయొచ్చు.

డబ్బు కట్టే ప్రోగ్రామ్ ఎంచుకోవడానికి నియమం ఒక్కటే: ఉచిత స్కాన్‌లో మీకు కావలసిన ఫైల్ ప్రివ్యూ తెరుచుకోవాలి. ఒకటి కాదు, నాలుగైదు, పెద్దవి. ఎన్ని లక్షల ఫైళ్లు దొరికాయన్న అంకెకు విలువ లేదు. క్రాక్ చేసిన కాపీలు వద్దు, మాల్‌వేర్ వెంట తెచ్చుకుని అదే డ్రైవ్ మీద రాయడం మొదలవుతుంది.

సమస్య: ఫైళ్లు దొరికాయి, పేర్లు లేవు

ఎమ్‌ఎఫ్‌టీ రికార్డు మీద కొత్త ఫైల్ రికార్డు ఎక్కితే పేరు పోతుంది, డేటా మాత్రం మిగలొచ్చు. అప్పుడు ఫోటోరెక్ లాంటివి ఫైల్ మొదటి బైట్లను గుర్తుపట్టి వెతుకుతాయి, పేర్లు వాటికి తెలియవు. కెమెరా కార్డుకు ఇది చాలా మంచి దారి, ఫోటో లోపల కెమెరా రాసే ఎక్సిఫ్ తేదీతో తర్వాత వరుస పెట్టుకోవచ్చు. ముక్కలుగా పడిన ఫైళ్లు మాత్రం దీనికి సరిగ్గా చిక్కవు, పెద్ద వీడియోలు ఎక్కువగా ఇక్కడే చెడతాయి. ఫ్యాట్32లో డిలీట్ అయినప్పుడు ముక్కల గొలుసు కూడా చెరిగిపోతుంది కాబట్టి పేరు దొరికినా ఫైల్ మొదటి భాగమే సరిగ్గా రావొచ్చు.

సమస్య: స్కాన్ ఒకచోట ఆగిపోతోంది

డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో ప్రోగ్రామ్‌లో, చెడిపోయిన చోట్లను లెక్కపెట్టే 05, సీ5, సీ6 వరుసల రా విలువలు చూడండి. సున్నా కాకుండా పెరుగుతూ ఉంటే డిస్క్ చనిపోతోంది. దాని మీద స్కాన్ ఆపండి. లైనక్స్‌లో డీడీరెస్క్యూతో, మ్యాప్ ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునేది) పెట్టుకుని, మరో డిస్క్ మీదికి మొత్తం ఇమేజ్, అంటే డిస్క్ యథాతథ కాపీ, తీయండి. స్కాన్ ఆ ఇమేజ్ మీద చేయాలి. టక్ టక్ చప్పుడు వస్తుంటే ఇది కూడా వద్దు, కరెంటు తీసేసి ల్యాబ్‌కు ఇవ్వాలి.

మిగతావి అరుదు. బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్) ఉన్న డ్రైవ్ అయితే ముందు అన్‌లాక్ చేయండి, పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ లేకపోతే స్కాన్‌లో చెత్తే వస్తుంది. ఫైల్ మీద వేరే డేటా ఎక్కిపోయి ఉంటే ఆ భాగం ఏ ప్రోగ్రామ్‌తోనూ తిరిగి రాదు.