వరి కాపలాకి నాటు తుపాకీ దించే ముందు

దసరా దాటితే మా పర్లాకిమిడి చుట్టుపక్కల వరి పాలు పోసుకుంటుంది. ఆ సంగతి రైతు కంటే ముందు అడవి పందికి తెలిసిపోతుంది. కొండ అంచు చేలల్లో మంచెలు లేస్తాయి, అటకల మీద తుపాకులు కిందికి దిగుతాయి. నాది ఇక్కడ లేత్ షాపు. పంపుసెట్టు షాఫ్టులూ ట్రాక్టరు పిన్నులూ చేసుకుని బతికేవాణ్ని. వేటగాణ్ని కాదు గానీ, ఇనుప గొట్టాన్ని చూస్తే దేనికి పనికిరాదో చెప్పగలను. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

పోయినేడు ఒకాయన గోనెసంచిలో చుట్టి ఒక తుపాకీ తెచ్చాడు. పాత ఇంగ్లీషు సిపాయిలు మోసిన 'బ్రౌన్ బెస్'కి నకలు. ఇత్తడి బిగింపులు, నూనె పట్టించిన కర్ర, చూడముచ్చటగా ఉంది. అలంకారానికని చవగ్గా దొరికిందట. రంజకం, అంటే లోపలి మందుని అంటించే చిటికెడు మందు, పోసే గిన్నె పక్కన ఉండాల్సిన చిల్లు మాత్రం లేదు. "బావూ, సిన్న సిల్లు ఎట్టియ్యి సాలు. పందుల్ని బెదిరించడానికే, సంపడానికి కాదు" అన్నాడు.

అది చిన్న చిల్లు కాదు. మన దేశంలో తయారై విదేశాలకు వెళ్లే చవక నకళ్లు చాలావరకు ఆ చిల్లు లేకుండానే వెళ్తాయి. చిల్లు లేనంతకాలం అది బొమ్మ, పడిందంటే పేలే ఆయుధం. 1959 ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం తుపాకీ తయారుచేయాలన్నా, మార్చాలన్నా, రిపేరు చేయాలన్నా లైసెన్సు కావాలి. అది నాకు లేదు. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే 2019 సవరణ తర్వాత శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు. ఇదంతా చెబితే ఆయన మొహం మాడ్చుకున్నాడు. సరే, లోపల ఏముందో నువ్వే చూడు అని టార్చి తెచ్చాను.

గొట్టంలోకి సన్నటి టార్చి వేసి చూస్తే మూతి నుంచి అడుగుదాకా ఒకటే గీత. రేకుని చుట్టి అతుకు వేసిన గొట్టం అన్నమాట, మంచం కోళ్లకి వాడే బాపతు. తుపాకీ గొట్టం అతుకు లేకుండా ఉండాలి. పేలినప్పుడు ఆ ఒత్తిడి ముందుకే కాదు, చుట్టూ నెడుతుంది. అతుకు ఉంటే విచ్చుకునేది అక్కడే, సరిగ్గా ఎడమ చెయ్యి పట్టుకునే చోట. ఇక వెనక బిరడా. గొట్టం వెనకవైపు మూసే ఆ ముక్కకి మరలు లోతుగా, బిగువుగా పట్టాలి. ఇది రెండు మూడు చుట్లు మర తిరిగి, పైన వెల్డింగుతో అంటించినట్టుంది. ఆ బిరడా ఊడితే ఎటు వస్తుందో తుపాకీ భుజాన పెట్టుకుని చూడండి, తెలుస్తుంది. ఆయన చూశాడు. ఏమీ అనకుండా మళ్లీ గోనెసంచిలో చుట్టేసుకున్నాడు.

నకలు తుపాకులన్నీ చెత్త అనడం లేదు. ఇటలీలో గార్డోనే వాల్ ట్రోంపియా అనే ఊరి తుపాకులకీ, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ తుపాకులకీ ప్రూఫ్ ముద్ర ఉంటుంది. అంటే మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి, మనిషి దూరంగా ఉండి పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర కొడతారు. బర్మింగ్‌హామ్‌లో ఆ పరీక్షశాల 1813 నుంచి ఉంది. చవక సరుకులో మిగిల్చేది ముందు ఈ ఖర్చునే. ఇత్తడి మెరుపు చూసి మోసపోకండి, ఇత్తడి పేలదు.

ఇక లైసెన్సు ఉన్నవాళ్ల సంగతి. పంట కాపలాకి మూతిలోంచి మందు పోసే తుపాకీకి లైసెన్సు ఇవ్వొచ్చని చట్టం పదమూడో సెక్షన్‌లోనే ఉంది. మన వైపు చాలామంది చేతుల్లో ఉన్నవి అవే. అయితే పంట కాపలా లైసెన్సు వేట పర్మిట్ కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పందిని కూడా అనుమతి లేకుండా చంపకూడదు. లఖారి అభయారణ్యం వైపు నుంచి ఏనుగు దిగితే తుపాకీ ముట్టుకోనే వద్దు, ఫారెస్టువాళ్లకి ఫోన్ చేయండి. మీ తుపాకీ మీద తయారీదారు పేరూ నంబరూ కనబడుతున్నాయో లేదో కూడా చూసుకోండి. గుర్తు చెరిగిపోయిన తుపాకీ మీ దగ్గర దొరికితే, చెరిపింది మీరేనని చట్టం అనుకుంటుంది, కాదని మీరే నిరూపించుకోవాలి.

ఏటా తుపాకీ అటక మీంచి దించగానే చేయాల్సిన మొదటి పని, అందులో పాత మందు ఉందేమో చూడటం. మా మేనమామ తప్పు చేసింది ఇక్కడే. వానకి రంజకం తడిసి రాత్రి పేలలేదు. అలాగే మంచెకి తగిలించి ఇంటికొచ్చాడు. మర్నాడు మర్చిపోయి దాని మీదే ఇంకో మోతాదు దట్టించాడు. అదృష్టం కొద్దీ గొట్టం చీలలేదు, మధ్యలో బొప్పి కట్టింది. ఆయన కుడి చెవి మాత్రం తర్వాత ఎప్పుడూ సరిగ్గా వినలేదు. దీనికి విరుగుడు చాలా తేలిక. ఖాళీ గొట్టంలో గజం, అంటే మందు దట్టించే కడ్డీ, దింపి, మూతి దగ్గర దాని మీద ఒక గాటు పెట్టుకోండి. మామూలు మోతాదు దట్టించాక ఇంకో గాటు. ప్రతి సాయంత్రం గజం దింపితే ఏ గాటు మూతికి వచ్చిందో అదే చెబుతుంది. రెండో గాటు ఇంకా పైకి నిలబడితే మందుకీ గుండుకీ మధ్య ఖాళీ మిగిలిందని కూడా అనుమానించాలి. మంచి గొట్టాలని కూడా చీల్చేది ఆ ఖాళీయే. గాటు సరిపోకపోతే ఆ రాత్రికి పేల్చడం మాట మర్చిపోండి.

తర్వాత మందు. నల్ల తుపాకీ మందు తప్ప ఇంకేదీ వద్దు. తూటాలు విప్పి తీసిన పొగ రాని మందు, టపాకాయలు చింపి తీసిన మందు, రెండూ ఈ గొట్టాలకి చావే. కొద్దిగా కలిపితే ఏమవుతుందిలే అనేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఒకరుంటారు. వాళ్ల పక్క మంచె ఎక్కకండి.

కొమ్ము పనికి మా ఊరు పెట్టింది పేరు కదా, మందు పోసుకునే కొమ్ములు కూడా చక్కగా చేసి ఇస్తారు. అందం బాగానే ఉంది గానీ, కొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి మందు ఒంపకండి. ముందు పేల్చిన నిప్పురవ్వ లోపల మిగిలి ఉంటే కొమ్ములో ఉన్నదంతా చేతిలోనే అంటుకుంటుంది. చిన్న కొలతలోకి తీసుకుని, కొమ్ము మూసి పక్కన పెట్టి, అప్పుడు పోయాలి. బీడీ ముచ్చట చెప్పక్కర్లేదనుకుంటాను.

తుపాకీ ఖాళీగా ఉన్నప్పుడే ఇంకో పరీక్ష. చెకుముకి బిగించిన కొక్కేన్ని సగం వెనక్కి లాగి ట్రిగ్గర్ నొక్కండి. జారి కిందపడితే ఆ తుపాకీ మంచె ఎక్కకూడదు. లైసెన్సున్న గన్ షాపుకి వెళ్లాల్సిందే. పేల్చేటప్పుడు మీ కుడి పక్క ఎవరూ ఉండకూడదు, రంజకపు చిల్లు నుంచి మంట అటే చిమ్ముతుంది.

నొక్కినా పేలకపోతే తొందరపడి దించేస్తారు, మూతిలోకి తొంగి చూస్తారు. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండొచ్చు. మూతి ఖాళీ నేల వైపే ఉంచి కనీసం అరవై దాకా లెక్కపెట్టండి. రంజకం మార్చినా పేలకపోతే గొట్టంలో నీళ్లు పోసి మందు తడిపేయండి. పొడి మందు మీద కడ్డీతో పొడిచి తీయాలని మాత్రం చూడొద్దు.

తెల్లారి ఇంటికి రాగానే గొట్టం ఖాళీ అని గజంతో చూసుకుని, నిద్రకి ముందే వేడినీళ్లతో కడగండి. నల్ల తుపాకీ మందు మసి గాలిలో తడిని లాక్కుంటుంది. మన ఊళ్ల తేమకి రెండు రోజుల్లో తుప్పు గుంటలు పడతాయి. ఆరాక నూనె గుడ్డ తిప్పి, తుపాకీ ఒక గదిలో, మందు ఇంకో గదిలో పెట్టి తాళాలు వేయండి. తాళంచెవులు మాత్రం మొలతాడుకే.