పాప ఇంటిపేరు మార్చాలంటే ముందు ఏ కాగితం కావాలి?

హైదరాబాద్ మలక్‌పేటలో నాకు జిరాక్స్ షాపు ఉంది. రెండో పెళ్లి చేసుకున్నవాళ్లు పిల్లల కాగితాల సంచి పట్టుకుని వస్తుంటారు. "అన్నా, బాబుకు మా ఇంటిపేరు రావాలంటే ఏం చెయ్యాలి?" అని అడుగుతారు. ఈ పని నాకూ పడింది కాబట్టి తెలిసినంత చెప్తాను. మా పెద్దమ్మాయి నా భార్య మొదటి పెళ్లి బిడ్డ. కన్నతండ్రి గల్ఫ్‌కు వెళ్లి, కొన్నాళ్లు డబ్బు పంపి, ఆ తర్వాత ఫోన్ నంబరే మార్చేశాడు.

ముందు ఒకటి తేల్చుకోవాలి. ఇంటిపేరు మార్చడం ఒక పని, దత్తత ఇంకో పని. ఇంటిపేరు మారితే పిల్ల పేరు మారుతుంది, అంతే. బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు అలాగే ఉంటుంది. మెయింటెనెన్స్, అంటే పోషణ ఖర్చు, అడిగే హక్కు, కన్నతండ్రి వైపు ఆస్తిలో హక్కు కూడా ఎక్కడికీ పోవు. దత్తత అయితే అట్లా కాదు. అప్పటికే పిల్ల పేరిట వచ్చిన ఆస్తి తప్ప, ఆ కుటుంబంతో చట్టపరంగా సంబంధం తెగిపోతుంది. "వాడి ఆస్తి మనకెందుకు" అని మా అత్తమ్మ అన్నది. కోపంలో అందరూ అనేదే. కానీ ఆ ఆస్తి మనది కాదు, పాపది. వదులుకునే ముందు ఆలోచించాలి.

ఏ దారిలో వెళ్లినా మొదట చేతిలో ఉండాల్సింది కస్టడీ ఆర్డరు, అంటే పిల్ల ఎవరి దగ్గర ఉండాలో చెప్పే కోర్టు ఉత్తర్వు. విడాకుల డిక్రీ ఒక్కటే సరిపోతుందనుకుంటారు. పిటిషన్‌లో కస్టడీ అడగకపోతే డిక్రీలో దాని మాటే ఉండదు. డిక్రీ వచ్చాక కూడా హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద అడగొచ్చు. తండ్రి అడ్రసు తెలియదని ఆగిపోవద్దు. రెండేళ్లు వదిలేసి పోతే అదే విడాకులకు కారణం. చివరగా తెలిసిన అడ్రసుకు నోటీసు పంపుతారు. అందకపోతే కోర్టు అనుమతితో పేపర్లో ప్రకటన వేయిస్తారు. అయినా రాకపోతే ఆయన లేకుండానే తీర్పు ఇస్తారు, దాన్నే ఎక్స్‌పార్టీ అంటారు. మా ఆవిడ కేసు అట్లాగే అయ్యింది. డిక్రీ సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి, తర్వాత ప్రతి ఆఫీసులోనూ అదే అడుగుతారు. జిరాక్స్ షాపువాణ్ని నేనే చెప్తున్నాను, జిరాక్స్ ఒప్పుకోరు.

2022లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆకెళ్ల లలిత తీర్పును వాట్సాప్‌లో తెగ పంపుకుంటారు. పిల్లవాడి ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదే అని అందులో ఉన్న మాట నిజమే. కానీ ఆ కేసులో తండ్రి చనిపోయాడు. తండ్రి బతికే ఉండి పట్టించుకోని వాళ్లకు 1999 నాటి గీతా హరిహరన్ తీర్పు ఎక్కువ పనికొస్తుంది. గార్డియన్‌షిప్ చట్టంలో "తండ్రి తర్వాత తల్లి" అంటే తండ్రి చనిపోయాక అనే కాదు, ఆయన బాధ్యత తీసుకోనప్పుడు కూడా అని కోర్టు చెప్పింది. లాయరుకు ఈ రెండూ చూపించండి.

ఇంటిపేరు పని గెజిట్‌తో, అంటే పేరు మార్పును ప్రభుత్వ పత్రికలో అచ్చు వేయించడంతో మొదలుపెట్టాలి. పిల్ల మైనరు కాబట్టి తల్లి అఫిడవిట్ రాసి నోటరీ చేయిస్తుంది. పాత పేరు, కొత్త పేరు, మార్పుకు కారణం అందులో ఉంటాయి. దానికి కస్టడీ ఆర్డరు జతచేస్తారు. రాష్ట్ర గెజిట్ అచ్చయ్యేది మన చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయంలో. స్పెల్లింగ్ మాత్రం అఫిడవిట్ దశలోనే పది సార్లు చూసుకోండి. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది. ఒకచోట అది పూర్తిగా, ఇంకోచోట ఒక్క అక్షరం, మరోచోట చివర్లో ఉంటే ముగ్గురు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి.

బర్త్ సర్టిఫికెట్ మీ అదృష్టాన్ని బట్టి ఉంటుంది. చాలామంది పిల్లలకు అందులో పేరు మాత్రమే రాయించి ఉంటారు, ఇంటిపేరు ఉండదు. అట్లా అయితే గొడవే లేదు. ఇంటిపేరుతో సహా ఉంటే, ఆ రిజిస్టరులో దిద్దేది తప్పులనే కాబట్టి ఇష్టపడి మార్చుకున్న పేరుకు అంత తేలిగ్గా ఒప్పుకోరు. మీసేవలో అర్జీ పెట్టి చూడండి. కాదంటే పాత సర్టిఫికెట్‌నూ గెజిట్‌నూ కలిపి చూపించుకోవాలి.

స్కూలు విషయంలో మాత్రం ఆలస్యం చెయ్యకండి. పదో తరగతి మెమోలో పేరు స్కూలు అడ్మిషన్ రిజిస్టరు నుంచే వెళ్తుంది. ఆ మెమో జీవితాంతం వెంట ఉంటుంది. పాప తొమ్మిదిలో ఉండగానే హెడ్‌మాస్టరుకు అర్జీ, గెజిట్ కాపీ ఇచ్చి మార్పించండి. మెమో అచ్చయ్యాక అయితే నాంపల్లి చాపెల్ రోడ్డులోని పరీక్షల డైరెక్టరేట్ వరకు పోవాలి, అది వేరే టెన్షన్. ఆధార్ ఆ తర్వాత. అందులో పేరు మార్చుకునే అవకాశం రెండుసార్లే, కాబట్టి అన్నీ తేలాకే వెళ్లండి.

ఇంకో మాట. స్కూల్లో తండ్రి కాలమ్‌లో రెండో భర్త పేరు రాసేస్తే పోలా అని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. రాయకండి. దత్తత లేకుండా రాస్తే బర్త్ సర్టిఫికెట్‌తో కలవదు, పాస్‌పోర్టు దగ్గర బయటపడుతుంది. గార్డియన్ కాలమ్ ఉంది కదా, నా పేరు అక్కడ ఉంది.

ఇక దత్తత. హిందువులకు రెండు దారులు. మొదటిది 1956 నాటి హిందూ దత్తత చట్టం. తల్లి ఇస్తుంది, భర్త తీసుకుంటాడు, సబ్‌రిజిస్ట్రార్ దగ్గర దత్తత పత్రం రిజిస్టర్ చేస్తారు. దత్త హోమం ఉండాలని చట్టం పట్టుబట్టదు. పిల్లకు పదిహేనేళ్లు నిండకూడదు. ఆడపిల్లను దత్తత తీసుకునే మగవాడు ఆమెకంటే కనీసం 21 ఏళ్లు పెద్దయి ఉండాలి. చాలామందికి తెలియని మెలిక ఇంకోటుంది. అతనికి అప్పటికే కూతురు ఉంటే ఈ చట్టం కింద ఇంకో ఆడపిల్లను తీసుకోలేడు, కొడుకు ఉంటే మగపిల్లవాణ్ని తీసుకోలేడు. మాకు తర్వాత పుట్టింది బాబు కాబట్టి ఆ చిక్కు రాలేదు.

అసలు చిక్కు కన్నతండ్రి సమ్మతి. ఆయన సన్యాసం తీసుకుంటేనో, మతం మారితేనో, మతిస్థిమితం లేదని కోర్టు తేలిస్తేనో తప్ప అది కావాలని చట్టం రాసుకుంది. కనబడకుండా పోవడం ఆ జాబితాలో లేదు. తల్లి సంతకం ఒక్కటే చాలు, పత్రం చేసేద్దాం అనేవాళ్ల మాట వినకండి. ఎప్పుడైనా ఆయన వచ్చి సవాలు చేస్తే నష్టపోయేది పిల్లే.

రెండోది కారా పోర్టల్, అంటే దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటు. భార్యాభర్తలు ఇద్దరూ రిజిస్టరు చేసుకుంటారు, జిల్లా బాలల రక్షణ విభాగం చూస్తుంది, 2022 సెప్టెంబరు నుంచి ఆర్డరు ఇచ్చేది జిల్లా కలెక్టరు. ఆ కూతురు, కొడుకు మెలిక ఇక్కడ లేదు. కానీ కన్నతండ్రి సమ్మతి పత్రం ఇక్కడా అడుగుతారు, కస్టడీ కేసు నడుస్తుంటే తేలేదాకా ఆగమంటారు. మనిషి గల్ఫ్‌లో దొరికితే అక్కడి ఇండియన్ ఎంబసీలో సంతకం అటెస్ట్ చేయించి పంపమని వాళ్ల అన్నదమ్ముల ద్వారా కబురు పెట్టండి. బతిమాలినట్టు కాకుండా, దత్తతయితే మెయింటెనెన్స్ అడగం అని చెప్తే కొందరు దిగివస్తారు. మా పాప కన్నతండ్రి ఇంకా దిగిరాలేదు. పాప ఇంటిపేరు నాది, కాగితంలో తండ్రి ఆయన. ఇంట్లో ఎవరికీ దానివల్ల అన్నం మానేంత బాధ లేదు.

పాస్‌పోర్టుకు దత్తత అక్కర్లేదు. తండ్రి సంతకం దొరకనప్పుడు తల్లి అనెక్సర్ సి అనే ఫారంలో డిక్లరేషన్ ఇస్తే చాలు. 2016 డిసెంబరు నుంచి దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒకరి పేరు ఇచ్చినా తీసుకుంటున్నారు.

లాయరు ఫీజుకు భయపడి ఆగిపోయినవాళ్లుంటే, ఆడవాళ్లకూ పిల్లలకూ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చెయ్యండి.