మానసిక వార్డు నర్సులు చతికిలపడకుండా: ముందు డ్యూటీ చార్టు సరిచేయండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకియాట్రీ వార్డుల్లో, డీఅడిక్షన్ కేంద్రాల్లో, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం క్యాంపుల్లో పనిచేసే నర్సులకూ, వాళ్లకు డ్యూటీలు వేసే హెడ్ నర్సులకూ పనికొచ్చే సంగతులివి. బర్నౌట్ (పని ఒత్తిడికి సత్తువ ఇంకిపోవడం) అనగానే ఒక యోగా క్లాసు, ‘పాజిటివ్‌గా ఉండండి’ అంటూ ఒక ఉపన్యాసం పెట్టేసి చేతులు దులుపుకోవడం అలవాటైపోయింది. యోగాతో తగవేమీ లేదు. కానీ వరసగా ఐదు నైట్లు చేసిన మనిషిని మర్నాడు మళ్లీ డ్యూటీకి రమ్మంటే ఏ ప్రాణాయామమూ ఆదుకోదు. అందుకని ఇక్కడ వరస తిరగేశాం. చార్టు ముందు, వార్డు తర్వాత, మనిషి చివర.

ఎలా గుర్తుపట్టాలి

2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ఐసీడీ-11లో (జబ్బుల అంతర్జాతీయ జాబితా) ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని జబ్బుగా లెక్కించలేదు. సరిదిద్దని పని ఒత్తిడి వల్ల వచ్చే పరిస్థితి అంది. మూడు లక్షణాలు చెప్పింది: సత్తువ ఇంకిపోవడం, పని మీద ఏవగింపు, ఎంత చేసినా ఏమీ చేయలేకపోతున్నానన్న భావన.

వార్డులో ఇవి ఇంత స్పష్టంగా కనపడవు. రెండో లక్షణాన్నే ముందు పట్టుకోవచ్చు. పేషెంటు పేరు పోయి ‘మూడో బెడ్డు మేనియా’ మిగులుతుంది. పది నిమిషాలు కూర్చుని మాట్లాడితే నెమ్మదించే మనిషికి పీఆర్ఎన్ (అవసరమైతేనే ఇవ్వాల్సిన) ఇంజెక్షన్ ముందే పడుతుంది. కేస్ షీట్‌లో ‘పేషెంట్ కామ్, నో ఫ్రెష్ కంప్లయింట్స్’ అని మూడు షిఫ్టులూ అదే వాక్యం దించేస్తారు. నైట్ మొదలయ్యే ముందు రోజే తలనొప్పి, కడుపునొప్పి వస్తాయి. ఒక్క నర్సులో ఇవి కనిపిస్తే ఆమెతో మాట్లాడండి. సగం మందిలో కనిపిస్తే చార్టు తీసి చూడండి.

డిప్రెషన్ వేరు. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నప్పుడు మనసు కాస్త తేలికపడితే అది బర్నౌట్ అయ్యే అవకాశమే ఎక్కువ. సెలవులో కూడా పిల్లలతో మాట్లాడబుద్ధి కాక, తిండి సహించక, రెండు వారాలు దాటి అలాగే ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ‘డ్యూటీ టెన్షన్‌లే’ అని సరిపెట్టుకోకూడదు.

డ్యూటీ చార్టు లెక్క

ఒక వార్డులో రాత్రింబవళ్లు ఒక్క నర్సు ఉండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటలు పై హద్దు అనుకుంటే ముగ్గురున్నర. సీఎల్ (క్యాజువల్ లీవు), ఈఎల్ (ఆర్జిత సెలవు), జ్వరాలు, ట్రైనింగుల కోసం పాతిక శాతం కలిపితే నలుగురు చాలరు, ఐదుగురు కావాలి. షిఫ్టుకు ఇద్దరు ఉండాలంటే తొమ్మిది మంది. ఈ లెక్క కాగితం మీద రాసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. ‘స్టాఫ్ తక్కువ’ అనే మాట ఎవరికీ వినపడదు. ‘తొమ్మిది మంది కావాల్సిన చోట ఆరుగురున్నాం, ఈ నెల 11 షిఫ్టులు ఒంటరిగా చేశాం’ అంటే ఫైలు కదలడానికి కనీసం ఒక ఆధారం ఉంటుంది.

పోస్టులు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. ఉన్నవాళ్లతోనే మార్చగలిగినవి కొన్ని ఉన్నాయి. షిఫ్టులు ముందుకు తిరగాలి: కొన్ని రోజులు పొద్దున్న, తర్వాత సాయంత్రం, ఆ తర్వాత నైట్. నైట్ నుంచి సాయంత్రానికి, సాయంత్రం నుంచి పొద్దుటికి వెనక్కి తిప్పితే ఒళ్లు సర్దుకోలేదు, ఎందుకంటే రోజూకన్నా త్వరగా నిద్రపోవడం కన్నా ఆలస్యంగా నిద్రపోవడమే శరీరానికి సులువు. నైట్లు వరసగా మూడుకు మించొద్దు. చివరి నైట్ తర్వాత రెండు రోజులు ఖాళీ ఇవ్వాలి. డ్యూటీ దిగిన రోజునే ‘ఆఫ్’ అని లెక్క వేయడం దొంగలెక్క. ఆ రోజు నిద్రకే పోతుంది. రెండు డ్యూటీల మధ్య 11 గంటలకు తక్కువ ఉండకూడదు. రాత్రి 8కి దిగి పొద్దున్న 8కి ఎక్కితే కాగితం మీద 12 గంటలు. కానీ ఇచ్ఛాపురం వైపో, చీపురుపల్లి అవతల పల్లెకో వెళ్లాల్సిన మనిషికి బస్సు కోసం నిలబడటం, ప్రయాణం, వంట పోగా మిగిలేది ఐదు గంటల నిద్రే. దూరం నుంచి వచ్చేవాళ్ల పేర్ల పక్కన ఆఖరి బస్సు టైము కూడా రాసి పెట్టుకుని చార్టు వేయండి.

చార్టు పదిహేను రోజుల ముందే గోడకు పడాలి. పండగల సంగతి ఏడాది మొదట్లోనే తేల్చుకోవాలి. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి తొలేళ్లు, సిరిమాను దసరా తర్వాత వచ్చే సోమ, మంగళవారాలు. శ్రీకాకుళంలో అరసవల్లి రథసప్తమి. సంక్రాంతి అందరిదీ. ఈ ఏడు సిరిమానుకు డ్యూటీ చేసినవాళ్లకు వచ్చే ఏడు ఆ రోజు ఖాళీ అని రిజిస్టర్‌లో రాసుకుంటే ఏటా జరిగే సగం గొడవలు పుట్టవు. ఎవరికి ఇష్టమైతే వాళ్లకు సెలవిచ్చే హెడ్ నర్సు వార్డులో పని భారం కన్నా అన్యాయమే ముందు మనుషుల్ని విరిచేస్తుంది.

అక్టోబర్‌లో పండగలతో పాటు తుపాన్లూ వస్తాయి. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ అక్టోబర్ 11న వచ్చాయి. రోడ్లు తెగితే రిలీవర్ రాదు. ఆసుపత్రికి నడిచి రాగలిగిన దూరంలో ఎవరెవరున్నారో జాబితా ముందే ఉండాలి. చిక్కుకుపోయిన నర్సు 24 గంటలు దాటకుండా, మధ్యలో నాలుగు గంటలైనా పడుకునేలా పక్క వార్డుతో ఒప్పందం చేసుకోవాలి.

కాపలా, విరామం, నైట్

ఆత్మహత్య ప్రమాదం ఉన్న పేషెంటును రెప్ప వేయకుండా చూడటం మానసిక నర్సింగ్‌లో ఒంటిని, మనసును ఎక్కువగా పీల్చే పని. ఒకే మనిషి ఏకబిగిన రెండు గంటలకు మించి చేయకూడదు. ఆ తర్వాత చూపు పేషెంటు మీదున్నా బుర్ర ఉండదు. మార్చడానికి ఎవరూ లేకపోతే పేషెంటును నర్సింగ్ స్టేషన్‌కి ఎదురు బెడ్డుకు మార్చి, డ్యూటీ డాక్టరుకు చెప్పి, ఎన్నింటికి చెప్పారో రాయండి. శిక్షణ లేని ఎమ్మెన్వోనో, ఎఫ్ఎన్వోనో (మగ, ఆడ నర్సింగ్ ఆర్డర్లీలు) కూర్చోబెట్టి వెళ్లిపోతే మీకు విరామం దొరకదు, భయం మాత్రం వెంట వస్తుంది.

నైట్‌లో రెండు మూడింటి మధ్య 20 నిమిషాల కునుకు మంచిదే, రెండో నర్సు మెలకువగా ఉంటేనే. అరగంట దాటితే లేచాక మత్తుగా ఉంటుంది. టీ కాఫీలు తెల్లవారుజామున మూడింటి లోపే ముగించండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఐదారు గంటలు పడుతుంది, తొమ్మిదింటికి మంచం ఎక్కితే నిద్ర అందుకే రాదు. పొద్దున్నే జాతీయ రహదారి మీద స్కూటీ నడుపుకుంటూ పోయేవాళ్లు ఒక్క మాట వినాలి. కళ్లు మూతపడుతుంటే ఆసుపత్రిలోనే అరగంట పడుకుని బయల్దేరండి, లేదా బస్సెక్కండి.

ఓవర్ ఇవ్వడం

ఇంటికెళ్లాక నిద్ర పట్టనివ్వనిది చేసిన పని కాదు, చెప్పానో లేదో గుర్తురాని మాట. అందుకే ఓవర్‌కి (తర్వాతి షిఫ్టుకు పేషెంట్లను అప్పగించడానికి) 15 నిమిషాలు డ్యూటీ టైములోనే దొరకాలి. బెడ్ నంబర్ల వరసలో కాదు, ప్రమాదాల వరసలో చెప్పండి. ఎవరు చనిపోతానంటున్నారు, ఎవరు చేయి చేసుకోవచ్చు, ఎవరు పారిపోవచ్చు, ఎవరు తినడం లేదు, ఎవరికి మందు పడలేదు. తాగుడు మానిన పేషెంటు ఆఖరిసారి ఎప్పుడు తాగాడో గంటలతో సహా చెప్పాలి. డెలీరియం (తాగుడు ఆపాక వచ్చే మతిభ్రమ) సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు వస్తుంది కాబట్టి ఆ రాత్రి ఎవరి డ్యూటీలో పడుతుందో తెలిసిపోతుంది. ఉద్దానం నుంచి వచ్చిన మనిషి లిథియం (కిడ్నీల మీద కన్నేసి ఉంచాల్సిన మానసిక జబ్బు మందు) మీద ఉంటే క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), లిథియం లెవెల్ ఆఖరిసారి ఏ తేదీన చూశారో తప్పనిసరి. అక్కడి కిడ్నీ జబ్బు సంగతి తెలిసీ ఆ మాట మర్చిపోతే అదే రాత్రంతా తొలుస్తుంది. మిగిలిన పేషెంట్ల వివరాలు పుస్తకం చూసుకుంటారు.

పేషెంటు తాలూకు వాళ్లు

ఇక్కడి వార్డుల్లో చాలాసార్లు పేషెంటు పక్కన ముసలి తల్లి ఒక్కతే ఉంటుంది. కొడుకులు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో పనుల్లో ఉంటారు. ‘సిస్టరమ్మా, మా గుంటడికి ఏటైపోనాదమ్మా’ అని ఆమె గంటకోసారి అడుగుతుంది. ఊరి నుంచి అల్లుడొచ్చి అదే అడుగుతాడు, చెన్నై నుంచి ఫోన్ చేసి కొడుకు మళ్లీ అడుగుతాడు. ఇదంతా నర్సు ఓపికలోంచే పోతుంది. అడ్మిషన్ రోజే ఇంటి తరఫున ఒక్క మనిషిని తేల్చుకోండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నామినేటెడ్ రిప్రజెంటేటివ్ (పేషెంటు తరఫున నిలబడే మనిషి) ఎవరో రాసే ఉంటుంది. వివరాలు ఆ మనిషికే చెబుతామని, మిగతావాళ్లు వాళ్లను అడగాలని మొదటి రోజే చెప్పాలి. సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు మాట్లాడే వేళ అని బోర్డు పెట్టండి. తల్లిని మాత్రం ఆ బోర్డు చూపించి పంపేయకండి, ఆమెకు రెండు నిమిషాలు ఎప్పుడైనా ఇవ్వొచ్చు.

గాలి సోకిందనో చిల్లంగి పెట్టారనో అంటే వాదించొద్దు. వాదన అరగంట తింటుంది, మందు మాత్రం లోపలికి వెళ్లదు. ‘మొక్కు మొక్కుకోండి, మాత్ర మానకండి’ అంటే సరిపోతుంది.

దెబ్బ తిన్న రోజు

ముందు జాగ్రత్తలు చిన్నవే. గొలుసు, పుస్తెలతాడు లోపలికి, పొడుగు జూకాలు ఇంట్లో, ఐడీ కార్డు లాగితే ఊడివచ్చే తాడుతో. ఉద్రేకంగా ఉన్న పేషెంటుకూ మీకూ మధ్య చేయి చాపితే అందనంత దూరం ఉండాలి, తలుపు మీ వెనక ఉండాలి.

అయినా దెబ్బ తగిలితే మొదటి గంటలో ఆ నర్సు వార్డు నుంచి బయటికి రావాలి, గాయం చూపించుకుని కేస్ షీట్ రాయించుకోవాలి, ఇంటికి ఎవరో ఒకరు తోడు వెళ్లాలి. 24 గంటల్లో ఇన్సిడెంట్ రిపోర్టు: టైము, ఎవరెవరు డ్యూటీలో ఉన్నారు, ఎవరు లేరు. మూడు రోజుల్లో వార్డంతా కూర్చుని జరిగినదాని మీద మాట్లాడాలి, నర్సు తప్పు మీద కాదు. చాలా చోట్ల తప్పు జరిగేది ఇక్కడే. అందరి ముందూ ‘ఎలా అనిపించింది, మొత్తం చెప్పు’ అని గుచ్చి గుచ్చి అడగడం మేలు అనుకుంటారు. ఘటన జరగ్గానే ఇలా బలవంతంగా ఒకసారి చెప్పించడం వల్ల లాభం లేదని తేలింది, కొందరికి హాని కూడా. చెప్పాలనుకుంటే వినండి, లేదంటే టీ ఇచ్చి పక్కన కూర్చోండి. రెండు వారాల తర్వాత మళ్లీ అడగండి. అప్పటికీ కలలు, ఉలికిపాట్లు ఉంటే కౌన్సెలింగ్‌కు పంపాలి.

జబ్బు తీవ్రతలో పేషెంటు కొట్టడం వేరు, తాగొచ్చిన బంధువు కొట్టడం వేరు. రెండోదానికి వైద్య సిబ్బందిపై హింస నిరోధానికి 2008లో తెచ్చిన రాష్ట్ర చట్టం ఉంది. ఫిర్యాదు ఆసుపత్రి తరఫున వెళ్లాలి, నర్సును ఒంటరిగా స్టేషన్‌కు పంపకూడదు.

పేషెంటును కట్టేయడం గురించి. రాత్రి ఒక్కరే ఉన్నప్పుడు వేరే దారి లేక కట్టేసి, తర్వాత నెలల తరబడి కుమిలిపోయే నర్సులుంటారు. 2017 చట్టం 97వ సెక్షన్ ప్రకారం సిబ్బంది తక్కువన్న కారణంతో కట్టేయకూడదు. వెంటనే హాని జరిగేటప్పుడు, వేరే మార్గం లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలి, కారణం, ఎంతసేపు, ఎలా అన్నీ రాయాలి, నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌కు 24 గంటల్లో చెప్పాలి. ఈ సెక్షన్ చూసి భయపడక్కర్లేదు, వాడుకోవాలి. ‘రాత్రి 1.40, ఒకే స్టాఫ్ నర్సు, ఎమ్మెన్వో లేరు, డాక్టరుకు ఫోన్ చేశాం’ అని రాసిన ప్రతి వాక్యమూ రెండో నర్సును అడగడానికి పనికొస్తుంది.

నెలకో గంట

నర్సులు నెలకోసారి కూర్చుని కేసు గురించి మాట్లాడుకోవాలి: ఆరుగురు, 50 నిమిషాలు, ఒకే కేసు, డ్యూటీ టైములోనే. నడిపేవాళ్లు ఆ నర్సుల ఏసీఆర్ (పనితీరు మీద ఏటా రాసే రహస్య నివేదిక) రాసేవాళ్లు కాకూడదు. ఆ మనిషి గదిలో ఉంటే ఎవరూ నోరు విప్పరు. వేరే ఆసుపత్రి సీనియర్ గానీ, నర్సింగ్ కాలేజీ మెంటల్ హెల్త్ టీచరు గానీ అయితే మేలు, వీడియో కాల్‌లో అయినా సరే. జీతాల గోడు మొదలైతే దానికి చివరి పది నిమిషాలు కేటాయించండి, లేకపోతే గంటంతా అదే తినేస్తుంది.

ఆరు నెలలకోసారి కొలవాలనుకుంటే కోపెన్‌హేగెన్ బర్నౌట్ ప్రశ్నావళి ఉచితం, 19 ప్రశ్నలు. ఐదుగురే ఉన్న వార్డులో పేరు రాయకపోయినా చేతిరాత చెప్పేస్తుంది, కాబట్టి రెండు మూడు వార్డులవి కలిపి సగటు మాత్రమే చూడండి.

క్యాంపులకు తిరిగే నర్సులకు ప్రయాణమూ డ్యూటీయే. ఏ ఊరి రిజిస్టర్ పని ఆ రోజే, క్యాంపు చివరి గంటలో ముగించాలి. బస్సులో దిగులుపడుతూ ఇంటికెళ్లి రాత్రి రాయడం మొదలైతే ఆ అలవాటు వదలదు.

ఇప్పటికే చతికిలపడితే

రెండు రోజుల సీఎల్ చాలదు, పది రోజులు వరసగా అడగండి. నిద్ర కోసం వార్డు స్టాకులోంచి క్లోనజెపామో ఆల్ప్రజోలామో తీసుకోవద్దు. మాత్ర చేతికందే దూరంలో ఉండటం ఈ ఉద్యోగంలో పొంచి ఉన్న ప్రమాదం. తోటి డాక్టరుకే చూపించుకోవడం ఇబ్బందిగా ఉంటే 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలీ మానస్ (మానసిక ఆరోగ్య ఫోన్ సహాయం) ఉంది. నంబర్ 14416, ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. విశాఖలో చూపించుకున్నా సరే. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే ఫోన్ చేయాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి.

తిరిగి చేరిన మొదటి రెండు వారాలు నైట్లు, ఒంటరి కాపలా డ్యూటీలు వేయకూడదు. పొద్దున్న షిఫ్టు, తోడుగా ఇంకొకరు. మూడో వారం చార్టు వేసే ముందు ఆమెనే అడిగి వేయండి.