మంచుకాలంలో దెబ్బ తగిలితే: తప్పు వాళ్లదైనా జాగ్రత్త మనదే

న్యూజెర్సీలో డిసెంబరు వచ్చిందంటే బ్లాక్ ఐస్ (రోడ్డు మీద కంటికి కనబడని పల్చని మంచు పొర) మీద కార్లు జారి గుద్దుకోవడం, అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర మనుషులు పడిపోవడం మామూలే. తప్పు పూర్తిగా ఎదుటివాళ్లదే కావచ్చు. అయినా దెబ్బ తగిలాక నష్టం ముదరకుండా ఓ మామూలు మనిషి పడే జాగ్రత్త మీరూ పడాలంటుంది ఇక్కడి చట్టం. పడకపోతే, దానివల్ల ఎంత నష్టం పెరిగిందో అంత మేర పరిహారంలో కోత పడుతుంది. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ముందు ఇప్పుడే మీ కారు పాలసీ తీసి చూడండి. కారు ప్రమాదంలో తప్పెవరిదైనా మీ వైద్యం ఖర్చు మామూలుగా మొదట భరించేది అందులోని పిప్ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) కవరేజీయే. ప్రీమియం కాస్త తగ్గుతుందని 2,50,000 డాలర్ల కవరేజీని 15,000కు దించుకున్నవాళ్లు చాలామంది. ఒక్క ఎమ్మారై, నాలుగు వారాల ఫిజియోథెరపీ, మధ్యలో ఓ ఇంజెక్షన్ పడితే అది ఎంత త్వరగా కరిగిపోతుందో ఊహించుకోండి. వెనక సీట్లో కూర్చునే అమ్మానాన్నలకూ బెల్టు పెట్టించండి. బెల్టు లేనందువల్ల ఎక్కువైన గాయాలకు పరిహారం తగ్గించవచ్చని రాష్ట్ర సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

దెబ్బ తగిలిన రోజో, మర్నాడో డాక్టరును కలవండి. "తగ్గిపోతుందిలే" అని మాత్రలు మింగుతూ మూడు వారాలు ఆగితే, అవతలి లాయరు రెండు మాటలంటాడు: అంత దెబ్బే కాదు, లేదా మీరు ఆలస్యం చేయబట్టే ముదిరింది. థెరపీకి పన్నెండుసార్లు రమ్మంటే నాలుగుసార్లు వెళ్లి ఆపేశారనుకోండి, "పేషెంటు రావడం మానేశారు" అన్న ఒక్క లైను ఫైల్లో మిగులుతుంది. మానాల్సి వస్తే ఎందుకో అక్కడే రాయించండి: డబ్బు చాలకా, నొప్పి ఎక్కువయ్యా, బండి నడపలేకా. కారణం రికార్డులో ఉంటే మీ మాట నిలుస్తుంది.

వైద్యానికి ఇండియా వెళ్లడం తప్పేం కాదు. ఇక్కడి డాక్టరుకు చెప్పి వెళ్లండి. హైదరాబాదులోనో విజయవాడలోనో చేయించుకున్న థెరపీకి తేదీలతో బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ తెచ్చుకోండి. కాగితం లేని మూడు నెలలను కోర్టు వైద్యం లేని మూడు నెలలుగానే చూసే ప్రమాదముంది.

ప్రమాదకరమైన ఆపరేషనుకు ఒప్పుకోవాలన్న నిర్బంధమైతే లేదు. సబబైన కారణంతో వద్దంటే చాలు, రెండో డాక్టరు అభిప్రాయం ఉంటే ఇంకా బలం. మీరు జాగ్రత్త పడలేదని రుజువు చేయాల్సిందీ ఎదుటి పక్షమే.

ఉద్యోగం సంగతి మరీ ముఖ్యం. కూర్చుని చేసే పని చేయొచ్చని డాక్టరు రాసి, కంపెనీ ఆ పని ఇస్తానంటే ఊరికే కాదనకండి, పోయిన జీతం అడిగే హక్కు పలచబడుతుంది. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లను అవతలి పక్షం "వేరే పని చూసుకోవాల్సింది" అంటే, కొత్త కంపెనీ పిటిషన్ వేయకుండా అక్కడ చేరలేమన్న సంగతి మీ లాయరుకు మొదటి రోజే చెప్పండి.

దావాకు గడువు మామూలుగా రెండేళ్లు. టౌన్‌షిప్ (స్థానిక ప్రభుత్వం) స్థలంలో పడినా, రాష్ట్ర ప్రభుత్వ రవాణా సంస్థ ఎన్‌జే ట్రాన్సిట్ బస్సు గుద్దినా మాత్రం ఆ సంస్థకు 90 రోజుల్లో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి.