చలి నుంచి పెరటి మొక్కల రక్షణ – 3వ పాఠం: కప్పు వేయడం

చల్లగాలి దిగి నిలిచే పల్లాన్ని గుర్తించి, కుండీలను గోడవారకు చేర్చడం కిందటి పాఠంలో అయింది. ఇక కదల్చలేనివి మిగిలాయి: బొప్పాయి, అరటి, కరివేపాకు, మందారం.

ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ ప్రాంతం దాదాపు 900 మీటర్ల ఎత్తు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మబ్బు లేకుండా, గాలి ఆడకుండా ఉంటే పగలు నేల పట్టుకున్న వేడి ఆకాశంలోకి పోతూనే ఉంటుంది. వరండాలో థర్మామీటర్ 4 డిగ్రీలు చూపుతున్నా, ఆరుబయట ఆకు సున్నాకు దిగిపోవచ్చు. కనుక ఇంట్లో కొలత చూసి ధైర్యపడకండి.

కప్పుకు సొంతంగా వేడి ఉండదు. నేల వదిలే వేడిని మొక్క చుట్టూ ఆపడమే దాని పని. అందుకే అసలు పని మధ్యాహ్నమే మొదలవ్వాలి. రెండింటిలోపు మొదలు చుట్టూ జానెడు లోతు తడిసేలా నీళ్లు పెట్టండి. తడి మట్టి పొడి మట్టికన్నా ఎక్కువ వేడి దాస్తుంది. ఆకులు తడపొద్దు. బొప్పాయి మొదట్లో నీరు నిలిస్తే కాండం కుళ్లుతుంది కాబట్టి దానికి మాత్రం అడుగు దూరంలో పాయ చేసి పెట్టండి. మొదట్లో వరిగడ్డి పరిచి ఉంటే ఆ పూటకు పక్కకు లాగేయాలి. గడ్డి వేళ్లను కాపాడుతుంది గానీ నేల వేడిని పైకి రానివ్వదు, దాంతో ఆకు ఇంకా చల్లబడుతుంది. కుండీల్లోనూ, అల్లం, పసుపు మడుల్లోనూ గడ్డి ఉండనివ్వండి. అక్కడ కాపాడాల్సింది వేరూ దుంపా.

మొక్కకంటే జానెడు ఎత్తుగా మూడు వెదురు బద్దలు పాతి, పైన కలిపి తాడుతో కట్టండి. దానిమీద పాత దుప్పటి గానీ, విప్పి కుట్టిన గోనెసంచులు గానీ, రెండు మడతలేసిన నూలు చీర గానీ వేయాలి. అంచు చుట్టూ నేలకు ఆనాలి. ఇటుకలు పెట్టి అదమండి. ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే: గుడ్డను మూటలా చుట్టి కాండానికి బిగిస్తారు. అప్పుడు నేల వేడి మూట బయటే పోతుంది, లోపల ఆకు మాడుతుంది. ప్లాస్టిక్ పట్టా నేరుగా ఆకుకు తగిలితే తగిలినచోటల్లా కాలినట్టు నల్లబడుతుంది. వాడక తప్పకపోతే లోపల గుడ్డ, పైన పట్టా.

ఈ వైపు డిసెంబరులో ఐదుంబావు దాటాక పొద్దు గూకుతుంది. నాలుగున్నరకే కప్పేయండి. ఉదయం ఎండ మొక్క మీద పడ్డాక తీసేయాలి. పట్టా మర్చిపోతే పది గంటలకే లోపల ఉడికిపోతుంది.

అరటిని మొత్తం కప్పడం అయ్యే పని కాదు, అవసరమూ లేదు. గెల వేయని చెట్టుకు పెరిగే మొవ్వ నేలమట్టం దగ్గరే ఉంటుంది. ఆకులు మాడినా మళ్లీ వస్తాయి. మొదలు చుట్టూ రెండడుగుల ఎత్తున గోనె చుడితే చాలు. గెల వేసిన చెట్టుకైతే గెలకు ఎండు అరటాకులు చుట్టండి. బొప్పాయి సంగతి వేరు: ప్రాణమంతా కొసలోనే. కొస చస్తే బోలు కాండంలోకి నీరు దిగి కుళ్లుతుంది, అందుకని ఏం కప్పినా కప్పకున్నా కొసకు గోనె తొడగాలి.

తెల్లవారుజామున తోటలో పొగ పెట్టడం చాలాచోట్ల అలవాటు. నేల నుంచి ఆకాశంలోకి పోయే వేడిని పొగ ఆపలేదు. ఏ కాస్త మేలైనా మంటదే. కప్పు కింద బల్బు పెట్టే ఆలోచన ఉంటే ఎల్‌ఈడీ దండగ, వేడి ఇచ్చేది పాత ఫిలమెంట్ బల్బే. మంచులో తడిసే వైరు, గుడ్డకు తగిలే బల్బు ప్రమాదం గనుక ఇంటి పెరటికి మేం సిఫారసు చేయం.

అభ్యాసం: ఒకే ఎత్తులో కప్పు లోపలొకటి, బయటొకటి థర్మామీటర్ వేలాడదీసి తెల్లవారి ఐదింటికి చూడండి. రెండూ ఒకేలా ఉంటే అంచు ఎక్కడో లేచింది, లేదా నేల పొడిగా ఉంది. మాడిన ఆకులు ఏవైనా ఉంటే ఇప్పుడే కోయకండి. అవే కింది చిగురును చలి నుంచి కాచే అడ్డం. వాటిని ఎప్పుడు, ఎక్కడికి కోయాలో 4వ పాఠంలో.